డెబ్బై దాటిన దాత లివర్‌కు ఒప్పుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ నాన్నగారికి 57 ఏళ్లు. సిర్రోసిస్ ముదిరి, బ్రెయిన్ డెడ్ అయిన దాత లివర్ కోసం నాలుగు నెలలుగా వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. లివర్ జబ్బు ఎంత ముదిరిందో రక్తపరీక్షలతో లెక్కగట్టే మెల్డ్ స్కోరు (పెరిగే కొద్దీ ప్రమాదం ఎక్కువ) అప్పుడు 17, ఇప్పుడు 21. మొన్న ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ ఒక ఫారం చేతికిచ్చి, 70 దాటిన దాత లివర్ వస్తే తీసుకుంటారో లేదో ముందే చెప్పమంది. "ముసలివాళ్ల లివర్ ఎన్నాళ్లు పనిచేస్తుంది? వయసులో ఉన్న దాత దొరికేదాకా ఆగితే నష్టమా? ఒప్పుకుంటే ఆ సంగతి నాన్నకు చెప్పాలా?" అని అడిగారు.

ఒప్పుకోండి. మిగతా అన్ని విధాలా బాగున్న 70–75 ఏళ్ల దాత లివర్ మీ నాన్నగారికి ఇప్పుడు దొరికితే, ఎప్పుడొస్తుందో తెలియని 30 ఏళ్ల దాత లివర్ కోసం ఆగడం కంటే అదే మేలని నా అభిప్రాయం. "మిగతా అన్ని విధాలా బాగున్న" అన్న మాట చాలా ముఖ్యం, దాని గురించే ఎక్కువ రాస్తాను. ఫారం మీద సంతకం పెట్టినంత మాత్రాన వచ్చిన ప్రతి లివర్‌నూ తీసుకోవాలని లేదు. ఫోన్ వచ్చినప్పుడు వివరాలు విని వద్దనే హక్కు అప్పటికీ మీకుంటుంది. సంతకం పెట్టకపోతే మాత్రం ఆ ఫోనే రాదు.

నేను ఇరవై ఏళ్లుగా ఈ ఆపరేషన్లు చేస్తున్న సర్జన్‌ని. మొదటి తొమ్మిదేళ్లు, దాత ఉన్న చోటికి వెళ్లి లివర్ తీసి తెచ్చే పని ఎక్కువగా నాకే పడేది. మీ నాన్నగారిని నేను పరీక్షించలేదు కాబట్టి చివరి మాట మీ టీమ్‌దే. కానీ మీ భయం నాకు బాగా తెలుసు. మొదట్లో దాత వయసు 65 అని వినగానే నేనూ మనసులోనే కాదనేసేవాణ్ణి. ఒకే వారంలో చూసిన రెండు లివర్లతో ఆ అలవాటు పోయింది.

మొదటి దాతకు 44 ఏళ్లు. రోడ్డు ప్రమాదం. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి దాత దొరకడు. పొట్ట తెరిచి చూస్తే లివర్ పసుపుపచ్చగా, అంచులు ఉబ్బి గుండ్రంగా ఉంది. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. చిన్న ముక్క తీసి అక్కడికక్కడే బయాప్సీ చేయిస్తే 60 శాతానికి పైగా కణాల్లో పెద్ద పెద్ద కొవ్వు బిందువులు. ఖాళీ పెట్టెతో తిరిగొచ్చాం. నాలుగు రోజుల తర్వాత ఇంకో పిలుపు: 76 ఏళ్ల ఆవిడ, మెదడులో రక్తస్రావం. సన్నటి మనిషి, షుగర్ లేదు, ఐసీయూలో ఉన్నది రెండు రోజులే. లివర్ కాస్త చిన్నదే, రంగు కూడా మామూలు కంటే ముదురు. అంచు మాత్రం పలచగా ఉంది, పట్టుకుంటే మెత్తగా ఉంది. కొవ్వు 5 శాతం లోపే. ఆ లివర్ పెట్టించుకున్న ఆయన పదకొండేళ్లుగా మా ఓపీకి వస్తున్నారు. అంటే ఆ లివర్‌కు ఇప్పుడు 87 ఏళ్లు.

ఆ పెద్దావిడ కూతురిని దానం గురించి అడిగినప్పుడు, "ఈ వయసులో అమ్మవి ఏం పనికొస్తాయండీ?" అన్నారట. ఇలా అనుకునే కుటుంబాలు, అసలు అడగకుండానే వదిలేసే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. అలా మట్టిలో కలిసిపోయిన మంచి లివర్లు ఎన్నో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

లివర్ మిగతా అవయవాల్లా ముసలిది కాదు. కిడ్నీలో వడపోత గొట్టాలు పుట్టుకతో వచ్చినవే, పోయినవి మళ్లీ రావు. గుండె రక్తనాళాల్లో వయసుతో పాటు పూడిక పెరుగుతుంది. లివర్ కణాలు మాత్రం జీవితాంతం కొత్తవి పుడుతూనే ఉంటాయి. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో చేరిన కార్బన్-14 మన కణాల్లో ఎంత ఉందో కొలిచి, కణాల వయసు లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 2022లో ఈ పద్ధతితో చూస్తే, మనిషికి 20 ఏళ్లున్నా 84 ఏళ్లున్నా లివర్ కణాల సగటు వయసు మూడేళ్ల లోపే అని తేలింది. పైగా మన రోజువారీ అవసరానికి మించి లివర్ దగ్గర చాలా నిల్వ శక్తి ఉంటుంది. అందుకే దానిలో సగానికి పైగా కోసి తీసినా మనిషి బతుకుతాడు.

అయితే దీన్ని పట్టుకుని 80 ఏళ్ల లివర్ 20 ఏళ్ల లివర్‌తో సమానం అనుకోకండి, అది నిజం కాదు. వయసుతో లివర్ సైజు తగ్గుతుంది, దానికి వెళ్లే రక్తమూ తగ్గుతుంది. దెబ్బ తగిలితే కోలుకునే వేగం తగ్గుతుంది. లివర్‌కు వెళ్లే ధమనిలో కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది, అప్పుడు కుట్లు వేయడం కష్టం, తర్వాత గడ్డకట్టే ప్రమాదం కూడా కొంచెం ఎక్కువ. ట్రాన్స్‌ప్లాంట్ ఫలితాల మీద దాత లక్షణాల్లో ఏది ఎంత పనిచేస్తుందో 2006లో అమెరికాలో ఒక సూచీ తయారుచేశారు. అందులో దాత వయసు, ముఖ్యంగా 60 దాటడం, బలమైన ప్రమాద కారణాల్లో ఒకటిగా తేలింది. కాబట్టి మీ టీమ్ ప్రత్యేకంగా ఫారం ఇచ్చి అడగడం సరైన పనే. మిమ్మల్ని నాసిరకం సరుకుకు ఒప్పిస్తున్నారని అనుకోకండి.

"ఎన్నాళ్లు పనిచేస్తుంది?" అన్నదానికి ఒక లెక్క చెబుతాను. అమెరికాలో 1990 నుంచి 2022 వరకు జరిగిన రెండున్నర లక్షలకు పైగా ట్రాన్స్‌ప్లాంట్ల రికార్డులు వెతికితే, దాత దగ్గర గడిపిన ఏళ్లు, పొందిన మనిషిలో గడిపిన ఏళ్లు కలిపి వందేళ్లు దాటిన లివర్లు 25 కనిపించాయి. ఆ 25 మంది దాతల సగటు వయసు దాదాపు 85. మిస్సోరిలో 2024లో చనిపోయిన 98 ఏళ్ల పెద్దాయన లివర్‌ను 72 ఏళ్ల ఆవిడకు పెట్టారు. స్పెయిన్‌లో అవయవ దాతల్లో సగం మందికి పైగా 60 దాటినవాళ్లే, 80 దాటినవాళ్లూ ఉంటారు. ఇటలీ కూడా ఇదే దారిలో చాలా ఏళ్లుగా నడుస్తోంది.

ఈ లెక్కలు విని మరీ ధైర్యం తెచ్చుకోకండి. అవి ఏరి తీసిన లివర్లు. ఆ వందేళ్ల లివర్ల దాతల్లో షుగర్ తక్కువ, ఇన్ఫెక్షన్లు తక్కువ. వాటిని పొందినవాళ్లు కూడా ఆపరేషన్ నాటికి మిగతావాళ్ల కంటే నిలకడగా ఉన్నవాళ్లు. ఈ రెండో సంగతి మీ ప్రశ్నకు చాలా దగ్గరిది.

వయసు మళ్లిన లివర్, మరీ నీరసించిపోని మనిషికి పెడితే బాగా నిలబడుతుంది. మెల్డ్ 35తో ఐసీయూలో, కిడ్నీలు కూడా ఆగిపోయి పడుకున్న మనిషికి కొత్త లివర్ మొదటి గంట నుంచే పూర్తిగా పనిచేయాలి. పెద్ద వయసు లివర్ పుంజుకోవడానికి ఒకోసారి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ మూడు నాలుగు రోజులు తట్టుకునే శక్తి ఒంట్లో ఉండాలి. మేం కొన్నిసార్లు వాడే ఒక తేలికైన లెక్క ఉంది: దాత వయసును రోగి మెల్డ్‌తో గుణిస్తాం. 1600 దాటితే జాగ్రత్త పడాలి. మీ నాన్నగారి మెల్డ్ 21, దాతకు 72 అనుకుంటే 1512 వస్తుంది. అదే దాత, మెల్డ్ 30 అయితే 2160. ఇది శాసనమేమీ కాదు, ఇది దాటిన రోగులకూ నేను ఆపరేషన్ చేశాను, కోలుకున్నారు. కానీ ఏ వైపు వెళుతున్నామో ఇది చూపిస్తుంది.

అందుకే "మంచి లివర్ కోసం ఆగుదాం" అన్న ఆలోచనలో ఒక చిక్కు ఉంది. మీరు ఆగే కొద్దీ స్కోరు పెరుగుతుంది. ఈరోజు తట్టుకోగలిగిన లివర్‌ను రెండు నెలల తర్వాత తట్టుకోలేకపోవచ్చు. మెల్డ్‌ను వెయిటింగ్ లిస్టు మీద పరీక్షించిన తొలి రోజుల్లో, స్కోరు 10–19 ఉన్నవాళ్లలో మూడు నెలల్లో చనిపోయినవాళ్లు సుమారు 6 శాతం, 20–29 ఉన్నవాళ్లలో సుమారు 20 శాతం, 30–39 ఉన్నవాళ్లలో సగానికి పైగా. మీ నాన్నగారు ఈ నాలుగు నెలల్లో మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు వచ్చారు. ఈ లివర్‌ను పోల్చాల్సింది ఊహలో ఉన్న పాతికేళ్ల లివర్‌తో కాదు. రాబోయే మూడు నెలల్లో ఏ లివరూ రాకపోతే ఏమవుతుందో, దానితో పోల్చండి.

నాకు ఒక కుటుంబం బాగా గుర్తుంది. 52 ఏళ్ల ఆయన, మెల్డ్ 24. దాత వయసు 71 అని చెబితే ఇంట్లోవాళ్లు రాత్రంతా మాట్లాడుకుని తెల్లారి వద్దన్నారు. నేనూ గట్టిగా చెప్పలేదు, వాళ్ల నిర్ణయం వాళ్లదే అనుకున్నాను. ఆ లివర్ లిస్టులో తర్వాతి మనిషికి వెళ్లింది. ఐదు వారాలకు మా పేషెంటుకు పొట్టలో నీటికి ఇన్ఫెక్షన్ వచ్చింది, రెండో ఫోన్ వచ్చేలోపే పోయారు. ఆ కుటుంబాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు. అప్పటి నుంచి మాత్రం అడిగినవాళ్లకు నా అభిప్రాయం నీళ్లు నమలకుండా చెబుతున్నాను.

స్కోరు 15 లోపు ఉండి, పొట్టలో నీరు గానీ రక్తపు వాంతులు గానీ లేని మనిషి అయితే నా జవాబు వేరుగా ఉండేది. అలాంటివాళ్లు తొందరపడాల్సిన పని లేదు.

ఇక లివర్ బాగుందా లేదా అని మేం ఎలా చూస్తామో చెబుతాను. ఫోన్ వచ్చినప్పుడు మీరు అడగాల్సినవి కూడా ఇవే.

కొవ్వు ఎంత? పెద్ద కొవ్వు బిందువులున్న కణాలు 30 శాతం లోపు ఉంటే మామూలుగా పర్వాలేదు. 30–60 మధ్య ఉంటే చాలా ఆలోచించాలి. 60 దాటితే ఎవరూ దాదాపు తీసుకోరు. వయసు, కొవ్వు రెండూ కలిసిన చోట నేను ఇంకా గట్టిగా ఉంటాను: 70 దాటిన దాతలో 20–25 శాతం కొవ్వు కనిపిస్తేనే వెనకాడతాను. 70 దాటిన దాత అయితే బయాప్సీ చేశారా అని తప్పకుండా అడగండి.

ఐస్‌లో ఎన్ని గంటలు? నన్నడిగితే అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. వయసులో ఉన్నవాళ్ల లివర్ ఎనిమిది తొమ్మిది గంటలు ఐస్‌లో ఉన్నా ఓర్చుకుంటుంది. పెద్దవాళ్లది ఆరు గంటల లోపు రోగి ఒంట్లో రక్తం అందుకోవాలని నా పట్టుదల. ఎందుకంటే నేను ఒకసారి ఈ నియమం దాటాను. 73 ఏళ్ల దాత, చక్కటి లివర్, బయాప్సీ బాగుంది. దారిలో ఆలస్యం, ఆపరేషన్ గదిలో ఇంకొంత ఆలస్యం, మొత్తం పదిన్నర గంటలైంది. మొదటి నెల అంతా బాగానే ఉంది. నాలుగో నెలలో కామెర్లు మొదలయ్యాయి. లివర్ లోపలి పిత్తనాళాలు అక్కడక్కడా సన్నబడిపోయాయి. స్టెంట్లు మార్చుకుంటూ, జ్వరాలతో, ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ ఏడాది గడిచింది, చివరికి రెండో ట్రాన్స్‌ప్లాంట్ చేయాల్సి వచ్చింది. ఆ మనిషి ఇప్పుడు బాగున్నారు కానీ ఆ ఏడాది ఆయన పడ్డ బాధ నేను మరిచిపోలేదు. ఐస్‌లో ఎక్కువసేపు ఉంటే లివర్ కణాలు ఎలాగో కోలుకుంటాయి. పిత్తనాళాల లోపలి పొర అలా కోలుకోలేదు, అది దెబ్బతిన్నట్టు నెలల తర్వాత గానీ బయటపడదు.

దాత గుండె ఆగాక తీసిన లివరా, బ్రెయిన్ డెడ్ అయ్యాక తీసినదా? గుండె ఆగిన తర్వాత తీసిన లివర్‌కు రక్తం అందని సమయం అదనంగా చేరుతుంది, పిత్తనాళాల ప్రమాదం పెరుగుతుంది. దానికి పెద్ద వయసు తోడైతే, లివర్ గుండా ద్రవాన్నో రక్తాన్నో తిప్పే పర్ఫ్యూజన్ మెషీన్ లాంటి ఏర్పాటు లేకుండా నేను ఒప్పుకోను.

దాత ఎన్ని రోజులు ఐసీయూలో ఉన్నారు, రక్తంలో సోడియం 155 దాటిందా, బీపీ నిలబెట్టడానికి ఎంత మందు వాడారు, షుగర్ ఉందా అన్నవి మీ టీమ్ ఎలాగూ చూస్తుంది. క్యాన్సర్ సంగతి మాత్రం మీరూ అడగొచ్చు. పెద్ద వయసులో బయటపడని క్యాన్సర్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, స్కాన్‌తో పాటు పొట్ట తెరిచాక పేగులు, కిడ్నీలు అన్నీ చేత్తో తడిమి చూడాలి. నేను నేర్చుకున్న చోట అది చేయకుండా కత్తెర పట్టనిచ్చేవారు కాదు.

మెషీన్ అన్నాను కదా. లివర్‌ను ఐస్ పెట్టెలో పెట్టే బదులు, ఆక్సిజన్ కలిపిన ద్రవాన్ని గానీ వెచ్చటి రక్తాన్ని గానీ దాని గుండా తిప్పుతూ ఉంచే యంత్రాలు ఇప్పుడు చాలా సెంటర్లలో ఉన్నాయి. వెచ్చటి రక్తం తిప్పే పద్ధతితో 2018లో యూరప్‌లో జరిగిన పెద్ద పరీక్షలో, లివర్‌కు జరిగే దెబ్బ ఐస్‌తో పోలిస్తే సగానికి తగ్గింది, పారేసిన లివర్లు కూడా సగానికి తగ్గాయి. పెద్ద వయసు లివర్లకు దీనివల్ల ఇంకో పెద్ద మేలుంది: పెట్టకముందే పరీక్షించొచ్చు. మెషీన్ మీద లివర్ లాక్టేట్‌ను (ఆక్సిజన్ చాలనప్పుడు కణాల్లో పేరుకునే పదార్థం) తగ్గిస్తోందా, పిత్తం చేస్తోందా అని కళ్లారా చూడొచ్చు. బ్రిటన్‌లో అన్ని సెంటర్లూ వద్దన్న 31 లివర్లను ఇలా పరీక్షించి 22 మందికి పెట్టారు, 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు 22 మందీ బతికే ఉన్నారు. అయితే వాళ్లలో నలుగురికి తర్వాత పిత్తనాళాలు సన్నబడి రెండో ట్రాన్స్‌ప్లాంట్ అవసరమైంది. మెషీన్ అన్నిటినీ బాగుచేయదు. మీ సెంటర్‌లో ఉందేమో అడగండి. లేకపోయినా, దాత దగ్గర్లోనే ఉండి ఐస్ సమయం తక్కువైతే నాకు బెంగ లేదు.

మీ నాన్నగారి సిర్రోసిస్‌కు కారణం మీరు రాయలేదు. హెపటైటిస్ సి అయితే ఒక మాట. పదిహేనేళ్ల క్రితం, ఆ వైరస్ ఉన్నవాళ్లకు పెద్ద వయసు లివర్ పెట్టడానికి భయపడేవాళ్లం. వైరస్ కొత్త లివర్ మీద మళ్లీ పడి కొద్ది ఏళ్లలోనే దాన్నీ సిర్రోసిస్ చేసేసేది. పాత వ్యాసాల్లో మీరు చదివిన చెడ్డ ఫలితాల్లో చాలా భాగం అవే. ఆ వైరస్‌ను చంపే సోఫోస్‌బువిర్ అనే మందుకు 2013 చివర్లో అనుమతి వచ్చాక ఆ కథ మారిపోయింది. ఇప్పుడు మాత్రలతో 95 శాతం మందికి పైగా ఆ వైరస్ పూర్తిగా పోతుంది. కాబట్టి ఇంటర్నెట్‌లో ఏది చదివినా అది ఏ సంవత్సరానిదో చూడండి.

ఇదంతా చనిపోయిన దాతల గురించి. బతికున్న మనిషి లివర్‌లో ముక్క ఇవ్వడం పూర్తిగా వేరే లెక్క. అక్కడ రెండు సగాలూ, దాతలో ఒకటి రోగిలో ఒకటి, కొద్ది వారాల్లో పెరగాలి, వయసుతో ఆ పెరుగుదల మందగిస్తుంది. దాత ప్రాణానికీ ప్రమాదం ఉంటుంది. అందుకే చాలా సెంటర్లు 55–60 దాటిన బతికున్న దాతలను తీసుకోవు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా "76 ఏళ్ల లివరే పనిచేస్తుంటే నాదెందుకు పనికిరాదు?" అంటే ఈ తేడా చెప్పండి.

ఆపరేషన్ అయ్యాక మొదటి వారం గురించి కూడా ముందే తెలుసుకోండి, అప్పుడు టెన్షన్ తగ్గుతుంది. రక్తపరీక్షలో లివర్ దెబ్బను చూపించే ఎంజైములు మొదటి ఒకటి రెండు రోజులు వేలల్లోకి వెళ్లి దిగడం మామూలే. కామెర్లు తగ్గడానికి, పెద్ద వయసు లివర్‌తో ఇంకొన్ని రోజులు ఎక్కువ పట్టొచ్చు. ఏడో రోజుకు బిలిరుబిన్ (కామెర్ల కొలత) 10 పైనే ఉన్నా, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు కొలత) 1.6 కంటే దిగకపోయినా లివర్ మొదట్లో తడబడుతోందని అర్థం. అలా తడబడినవాటిలో చాలావరకు నిలదొక్కుకుంటాయి. అసలే పనిచేయని లివర్ సంగతి మొదటి రెండు మూడు రోజుల్లోనే తెలిసిపోతుంది. అలా జరగడం అరుదు, జరిగితే మాత్రం అత్యవసరంగా ఇంకో లివర్ కోసం లిస్టులో పైకి వేస్తారు.

చివరిగా మీ మూడో ప్రశ్న. నాన్నగారికి చెప్పండి. లివర్ ఆయన ఒంట్లోకి వెళ్లేది, ఆ సంతకం ఆయనదే కావాలి. ఒక కొడుకు మంచి మనసుతోనే ఈ సంగతి దాచాడు. రెండేళ్ల తర్వాత పాత కాగితాల్లో దాత వయసు 77 అని తండ్రి చూశారు. లివర్ చక్కగా పనిచేస్తోంది, ఆయనకు వయసు గురించి బాధ లేదు. "ఇంకేం దాచారు?" అని నన్ను అడిగారు. ఆ తర్వాత చాలా కాలం ప్రతి రిపోర్టునూ అనుమానంగానే చూశారు. ఇంకొకాయనకు ముందే చెప్పాం, దాత ఆయన కంటే పన్నెండేళ్లు పెద్ద అని. కాసేపు ఆలోచించి, "ఆవిడకు 74 ఏళ్లు పనిచేసింది కదా డాక్టరుగారూ" అని పెన్ను అడిగారు.

చెప్పడం వాయిదా వేయకండి. లివర్ జబ్బు ముదిరే కొద్దీ అమ్మోనియా లాంటివి మెదడుకు ఎక్కి మత్తు, గందరగోళం రావచ్చు. పగలు నిద్రపోయి రాత్రి మేలుకోవడం దానికి తొలి గుర్తు. ఆ స్థితిలో అడిగితే ఆయన అవునన్నా కాదన్నా అది ఆయన మాట కాదు. ఈ వారంలోనే, ఆయన తేటగా ఉన్న పూట చూసుకుని, ఫారం ముందు పెట్టి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.